వాన తెచ్చే బుర్రు

నాకు కావాల్సింది ట్రంపెట్. ఎనిమిదో తరగతిలో స్కూలు బ్యాండులో చేరిందే అందుకు. నా వంతు వచ్చేసరికి ట్రంపెట్లన్నీ అయిపోయి, గోడవారగా ట్యూబా ఒక్కటే మిగిలింది. అంత పెద్ద ఇత్తడి శాల్తీని ఒళ్ళో పెట్టుకుంటే నేను కనపడను, నా బూట్లు మాత్రమే కనపడతాయి. పది నిమిషాలు ఒకచోట కుదురుగా కూర్చోలేనిదాన్ని, నాకా ఇది? ఖర్మ!

పది రోజులు ఊదాను. బుగ్గలు నొప్పెట్టాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. మా బ్యాండ్ సార్ బాలానగర్‌లో పెళ్ళి బ్యాండు నడిపి వచ్చిన మనిషి. ఓపిక ఎక్కువే గానీ, ఆగస్టు పదిహేను పరేడ్ దగ్గర పడుతోంది.

“పొయ్యి ఊదినట్టు ఊదుతున్నవు బిడ్డా. ఊదుడు కాదు, పెదవులు ఆడాలె. చంటిపిల్లలు బుర్రుమంటరు చూడు, గట్ల.” నోటి దగ్గర పెట్టుకునే మౌత్‌పీస్ ఊడదీసి నా చేతికిచ్చాడు. “ఇంటికి తీసుకపో. శుక్రవారం వరకు ఒక్క సప్పుడన్న రావాలె. లేకపోతే ఇంకొకరికిస్త.”

అప్పటిదాకా వద్దనుకున్నదే. ఇంకొకరికి అనేసరికి ఒళ్ళు మండింది. నాదాన్ని ఎట్లా ఇస్తాడు?

నిజాంపేటలో మాది నాలుగో అంతస్తు. మౌత్‌పీస్ పెదవులకు ఆనించి, హాల్లోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి వంటింట్లోకి బుర్రుమంటూ తిరిగాను. బట్టలు ఆరేస్తున్న నాయనమ్మ గయ్యిమంది.

“ఆపవే! చంటిపిల్లలు బుర్రుమంటే వాన పడ్తది. ఇప్పుడే దుప్పట్లు పిండిన.”

“నేను చంటిపిల్లనా?”

“మరి చేసేదేంది?”

ఆమె అటు తిరగ్గానే లిఫ్టులోకి పారిపోయాను. పైకీ కిందికీ తిరుగుతూ బుర్రుమన్నాను. మెడలో ఐడీ కార్డుతో ఒకాయన ఫోన్లో మీటింగులో ఉన్నాడు. మ్యూట్ నొక్కి మరీ నన్ను చూశాడు. చూస్తే చూడనీ!

శుక్రవారం పొద్దున్నుంచే మబ్బు. మధ్యాహ్నం కుండపోత. మైదానం మునిగితే బ్యాండును వరండాలోకి మార్చారు. “కానియ్,” అన్నాడు సార్. మొదటిసారి గాలి. రెండోసారీ గాలే. ట్రంపెట్ల వాళ్ళు కిసుక్కున నవ్వారు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి, పెదవులు వణికాయి. ఆ వణుకుతోనే ఊదాను.

భోం!

కిటికీ అద్దం గడగడలాడింది. అది నా చప్పుడే అని తెలియడానికి కాసేపు పట్టింది. “నీ తాన్నే ఉండనీ దీన్ని,” అన్నాడు సార్.

తడిసి ముద్దై ఇంటికి పరిగెత్తాను. తలుపు దగ్గరే నాయనమ్మ, చేతుల్లో మళ్ళీ తడిసి నీళ్ళు కారుతున్న దుప్పట్లు.

“వచ్చిందా ఇగ? సంబురమైందా?”

“వచ్చింది నాయనమ్మా, వచ్చింది!” అంటూ భోరుమన్నాను.

నేను వాన గురించి ఏడవడం లేదని ఆమెకు అర్థమైంది. దుప్పట్లు బకెట్లో పడేసి, అక్కడే గడప మీద కూలబడింది.

“తడిసేటియి ఎట్లనో తడిసినయి. ఏదీ, జర బుర్రుమను, వింట.”