కొల్లేటి లంకకు కట్టిన మోకు

కొల్లేటి నీళ్ల మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

ఆటోనగర్‌లో లారీల మీద తడిసిన మోకుల వాసన తగిలితే ఇప్పటికీ అమ్మమ్మ వాళ్ల లంక గుర్తొస్తుంది. చిన్నప్పుడు, వేసవిలో నడిచి వెళ్లిన ఊరికి వానాకాలం దోనెలో వెళ్లాం. ఆకాశం దిగి కూర్చున్నంత నీరు. ఊరే తేలుతోందనుకున్నాను. గుర్రపుడెక్క మొక్కల గుంపులు ఉప్పుటేరు వైపు, సముద్రానికి కొట్టుకుపోతున్నాయి. అమ్మమ్మ కూడా పోతుందని భయమేసి, ఆమె ఇంటి స్తంభాన్ని దోనె కట్టే గుంజకు మోకుతో కట్టేశాను.

"ఏంట్రా ఇది?"

"ఊరు పోకుండా, అమ్మమ్మా."

ఆమె నవ్వలేదు. "ఒక్క ముడికి ఆగుద్దేంట్రా కొల్లేరు?" అని రెండోది వేసింది.

తెల్లారేసరికి మోకు వీణతీగలా బిగిసి ఉంది.

సరే, బిగిసిందన్నది నా కల్పన. రెండో ముడి మాత్రం నిజం. ఊరు ఇప్పటికీ అక్కడే ఉంది.