నాచారం ఇంజనుతో కీసర అవతలి గుట్టకు

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా పక్కింటి సుబ్బారావు మాస్టారు. నాచారంలో కూతురి దగ్గర కొన్నాళ్లుండి బాపట్ల తిరిగి వచ్చిన సాయంత్రమే మా గేటు దగ్గర ఆగి చెప్పారు.

"అమ్మాయ్, మీ నాన్నగారి శిష్యుడు రాజయ్య కనిపించాడు. ఆ పాత బండి ఇంజను మళ్లీ విప్పాడట. ఈ ఆదివారం గుట్ట పైదాకా ఎక్కిస్తాడట. కాగితం పట్టుకోడానికి నువ్వు రావాలన్నాడు. ఏం కాగితమో నాకు తెలీదు, నీకు తెలుస్తుందన్నాడు."

నాకు తెలిసింది. ఇంట్లో వాళ్లకు చెప్పి, దేవుడికి దణ్ణం పెట్టుకుని సంచీ సర్దుకున్నాను.

నా చిన్నప్పుడు నాన్న పని వెతుక్కుంటూ బాపట్ల నుంచి నాచారం వచ్చి, చిన్న రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవారు. నాకు ఉబ్బసం. బడికి పంపితే సగం రోజులు దవాఖానాలోనే గడిచేవి. అందుకని నాన్నే షెడ్డు గచ్చు మీద సుద్దముక్కతో అక్షరాలు రాయించారు. అంకెలు మాత్రం కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ల మీద చెక్కి ఉన్నవి చదివి నేర్చుకున్నాను. ఆయనకు వంద సీసీ టూ-స్ట్రోక్ మోటార్‌సైకిల్ ఒకటి ఉండేది. పాత బండ్లంటే ఇష్టమున్న కొందరు చలికాలంలో ఒక ఆదివారం కీసర అవతల, తెలిసిన రైతు గుట్టకు వేసుకున్న మట్టిదారిలో ఒక్కొక్కరే పైకి నడిపేవాళ్లు, ఇప్పటికీ నడుపుతారు. నాన్న ఒక్కసారే ప్రయత్నించారు. సగంలో చైను తెగింది. మరుసటి చలికాలానికి ఆయన లేరు, మేం బాపట్ల వచ్చేశాం. బండిని రాజయ్య అన్న గోనెపట్టా కప్పి దాచాడు. ఇప్పుడు అన్న మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు డాక్టర్లు. ఆ తర్వాత కిక్ కొట్టకూడదట. అంటే ఎక్కితే ఈ ఆదివారమే ఎక్కాలి.

శుక్రవారం ఉదయం రైలెక్కాను. గుంటూరులో ఇడ్లీ తిన్నాను, చట్నీ బాగుంది. నల్గొండలో బత్తాయిల బుట్టతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతున్నవక్కా?"

"నాచారం. ఒక పాత మోటార్‌సైకిల్‌ని గుట్ట ఎక్కించే పనుంది."

"ట్రాలీల ఏసుకపోతే అయిపాయె గద."

"దానంతట అదే ఎక్కాలమ్మా."

ఆమె బుట్టలో చెయ్యి పెట్టింది. "మా ఆయన గూడ గంతే. ఏ పని జెప్పినా దానంతట అదే కావాలంటడు," అని నా చేతిలో ఒక బత్తాయి పెట్టింది.

మధ్యాహ్నం మూడు దాటాక చర్లపల్లిలో దిగాను. నాచారం వెళ్లేవాళ్లకు సికింద్రాబాద్ దాకా పోవడం కన్నా ఇదే దగ్గర, బయట ఆటోలు దొరుకుతాయి. రాజయ్య అన్న షెడ్డు పాతచోటే ఉంది. చుట్టూ లేతు మిషన్ల చప్పుడు కూడా అదే. అన్న కుంటుకుంటూ ఎదురొచ్చాడు.

"వచ్చినవా చెల్లె. మీ నాయిన ముక్కే నీది, మారలే."

ఆయన భార్య లక్ష్మమ్మ వదిన నీళ్లు తెచ్చింది. "పొద్దుగాల్నుంచి గేటు కాడ్నే నిలవడ్డడు. గా మోకాలు ఇయ్యాల నొస్తలేదంట." షెడ్డు మీది గదిలో నాకు పక్క సిద్ధం చేసి ఉంచింది. తెలిసినవాళ్లు లేనివారికి ఉప్పల్ మెట్రో దగ్గర లాడ్జీలు ఉన్నాయి.

శనివారం ఇంజను పని. ఇంజను పక్కనుండే చక్రం లోపల పాయింట్లు అనే రెండు చిన్న ముక్కలుంటాయి. అవి విడిపడిన క్షణంలోనే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. ఆ క్షణం కాస్త ముందైనా, వెనకైనా ఇంజనుకు బలముండదు. నాన్న ఆ ముక్కల మధ్య సిగరెట్ పెట్టెలోని పల్చటి కాగితం పెట్టి, కొస నా చేతికిచ్చి, చక్రం మెల్లగా తిప్పేవారు. కాగితం వదులైన చోట నేను "వదిలింది" అనాలి.

"మీటర్ ఉన్నది నా కాడ," అన్నాడు అన్న. "ఉంటే ఏంది. నువ్వు పట్టుకో."

పట్టుకున్నాను. నూనె వాసన, రేకుల మీది ఎండ, కాగితం కొస. కళ్లు మూసుకుంటే చక్రం తిప్పుతున్నది ఎవరో తెలియలేదు. కాగితం జారింది.

"వదిలింది," అన్నాను.

అన్న తల ఎత్తకుండానే అక్కడ స్క్రూ బిగించాడు. తర్వాత "అప్పుడు గూడ గింత సన్నగనే అనేదానివి," అన్నాడు.

సాయంత్రం కొత్త ప్లగ్గు కోసం ఉప్పల్ వెళ్లాం. నాన్న నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని తిప్పిన రోజుల్లో అక్కడ దుమ్మూ ఆకాశమే ఎక్కువ. ఇప్పుడు మెట్రో స్తంభాల నీడలో టీ తాగాం. తిరిగొచ్చి వీధిలో రెండు చుట్లు తిప్పి ప్లగ్గు విప్పితే, మేం తాగిన టీ రంగే ఉంది. పెట్రోలు, గాలి సరిపోయాయనడానికి అదే గుర్తు.

ఆదివారం తెల్లవారి బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి, ఏఎస్ రావు నగర్ మీదుగా వెళ్లాం. కీసర గుట్ట మీది రామలింగేశ్వరుడికి దారిలోంచే దణ్ణం పెట్టుకున్నాను. ఎనిమిదింటికి చేరేసరికి పాతికమంది ఉన్నారు. అక్కడ ఫోన్లు పలకవు. అందుకని బండి పైకి చేరగానే పైనున్నవాళ్లు ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొడతారు. ఉదయం ఒకసారి ఎక్కి చూసుకోవచ్చు, భోజనాలయ్యాక అసలు ఎక్కుడు.

వదిన బండికి ఊదొత్తి తిప్పి, పెట్రోలు ట్యాంకు మూత మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. అన్న కిక్ కొట్టాడు. ఇంజను చక్కగా అందుకుంది. మూడో మలుపు దగ్గర చప్పుడు సన్నబడి ఆగిపోయింది.

అందరం పైకి నడిచాం. మూత తీసి చూస్తే పెట్రోలు నిండుగా ఉంది. మూత పెట్టి కిక్ కొడితే స్టార్టయింది. కొంచెం పోయి మళ్లీ ఆగింది. కిందికి తెచ్చి ప్లగ్గు విప్పితే తెల్లగా ఉంది.

"పెట్రోల్ అందుతలేదు," అన్నాడు అన్న. పెద్ద జెట్ మార్చాడు. పక్కనున్న ఖాళీ దారిలో నడిపితే మళ్లీ అదే తీరు. పక్కబండి ఆయన నవ్వుతూ, "రాజన్నా, ఇంజన్ గాదు, నీ మోకాలి నొప్పే బండికి అంటుకున్నట్టున్నది," అన్నాడు. అన్న నవ్వలేదు. బండి పక్కనే రాయి మీద కూర్చుని కాలు నిమురుకుంటున్నాడు.

నాకు మూత తీసి పెడితే స్టార్ట్ కావడం దగ్గరే ఆలోచన ఆగింది. మూత వైపు చూశాను. ఎన్నో దసరాల పసుపు, దాని మీద ఈ ఉదయం తడి. అప్పుడు నాన్న మాట వినిపించినట్టే అయింది. నేను ఆయుధపూజ నాడు మూత మీద బొట్టు పెట్టబోతే నా చెయ్యి పట్టుకుని హెడ్‌లైటు వైపు తిప్పేవారు. "అక్కడ వద్దమ్మా, అది దాని ముక్కు. ముక్కు మూస్తే ఎంత దూరం పరిగెడుతుంది?"

మూత మధ్యలో సూదిమొనంత బెజ్జం ఉంటుంది. అందులోంచి గాలి లోపలికి పోతేనే పెట్రోలు కిందికి దిగుతుంది. వీధిలో రెండు చుట్లకు ఆ లోటు తెలియదు. గుట్టకు తెలుస్తుంది.

దేవుడి బొట్టు చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. నా గాజులకున్న పిన్నీసు తీసి వదినకు ఇచ్చి, సంగతి చెప్పాను. ఆమె లెంపలు వేసుకుని, బెజ్జంలోంచి గట్టిపడ్డ పసుపును పొడిపొడిగా తీసింది.

"నెత్తిన పెడితే సల్లగుంటదనుకున్న. నేనే ఊపిరి బందు వెట్టిన్నా దీనికి?"

"నాకు వెట్టినట్టే," అన్నాడు అన్న. "నేనైతే అలవాటు పడ్డ."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటూనే ఆయన భుజం మీద ఒకటి వేసింది. కొత్త బొట్టు హెడ్‌లైటు మీద పెట్టింది. అన్న పాత జెట్ మళ్లీ బిగించాడు.

పప్పన్నం, గోంగూర తిన్నాక రెండింటికి అన్న వంతు వచ్చింది. చెడ్డకాలి మీద బరువు వేయకుండా మూడుసార్లు కిక్ కొట్టాడు. మూడో మలుపు దాటిన చప్పుడు విన్నాం. నాన్న చైను తెగిన పెద్ద బండ దాటిన చప్పుడూ విన్నాం. ఆ తర్వాత గుట్ట అడ్డొచ్చి ఏమీ వినపడలేదు. వదిన నా చెయ్యి పట్టుకుంది. నేను లోపల నామం చెప్పుకుంటున్నాను.

పళ్లెం మోగింది. ఎవరో ఆపకుండా కొడుతూనే ఉన్నారు.

అన్న కిందికి వచ్చాక ఎంత సేపు పట్టిందని ఎవరో అడిగితే, "సూడలే," అన్నాడు. నాతో మాత్రం, "మీ నాయిన ఆగిన కాడ జర మెల్లగ పోయిన చెల్లె," అన్నాడు.

సోమవారం ఉదయం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, రైలు అందుకున్నాను. వదిన కట్టిచ్చిన పులిహోర దారిలో తిన్నాను. కిటికీలోంచి గుట్టలు కనిపించినంతసేపూ కృతజ్ఞత తప్ప నాలో వేరే ఆలోచన లేదు. బడికి పోలేని పిల్లకు అంత బడి దొరికింది, అందులో చివరి పాఠం ఇన్నేళ్లకు పనికొచ్చింది. పిన్నీసు మళ్లీ గాజులకు తగిలించాను. దాని మొన ఇంకా పచ్చగానే ఉంది.

వచ్చే నెల రాజయ్య అన్న మోకాలికి ఆపరేషన్. చదివినవారు మీ ఇంట్లో దీపం పెట్టుకునేటప్పుడు ఆయన్ను ఒక్కసారి తలుచుకోండి. నాచారం రాజయ్య అంటే చాలు, దేవుడికి తెలుస్తుంది.