ఫోన్ చేసిన పాపానికి బాపట్ల నుంచి రేపల్లెకు

రేపల్లె వైపు నుంచి పెద్దవాళ్లను కంటి ఆపరేషన్‌కు బాపట్ల తీసుకురావాలంటే ఎలా రావాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. ఆ దారి నాకు బాగా తెలుసు. తొంభైల మొదట్లో ఒక శుక్రవారం నాడు బాపట్ల నుంచి తెనాలికి, తెనాలి నుంచి రేపల్లెకు, మళ్లీ వెనక్కి, పొద్దుణ్నుంచి చీకటి పడేదాకా ఆ దారంతా తిరిగాను. నిజానికి అంత తిరగాల్సిన పని లేదు. ఒక్క ఫోన్ చేస్తే సరిపోయే పని. ఫోన్ చేశాను కూడా. అందుకే తిరగాల్సొచ్చింది.

మా మేనత్త సుగుణమ్మకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. హైస్కూలు చదువంతా రేపల్లెలో వాళ్లింట్లో ఉండే చదివాను కాబట్టి ఆవిడ నాకు అమ్మ తర్వాత అమ్మ. చర్చిలో స్త్రీల కూడికలో ఎన్నో ఏళ్లుగా వాక్యం చదివేది ఆవిడే. అలాంటిది ఏడాదిగా పుస్తకం ఇంకొకరి చేతికిచ్చి పక్కన ఊరికే కూర్చుంటోంది. బాపట్లలో మా వీధి చివర ఉన్న కంటి ఆసుపత్రికి ఒక పెద్ద డాక్టరు వచ్చి ఆపరేషన్లు చేస్తారని తెలిసి, పరీక్షలు చేయించి సోమవారానికి ఖాయం చేసుకున్నాం. శుక్రవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతుంటే ఆ ఆసుపత్రి కాంపౌండరు సైకిల్ మీద వచ్చాడు. సోమవారం డాక్టరుగారు ఊళ్లో ఉండరట, శనివారం పొద్దున్నే చేసేస్తారట, ఇది దాటితే మళ్లీ వేసవి అయ్యాకేనట. "ఈ సాయంత్రానికల్లా పేషెంటు మంచం మీద ఉండాలండి" అని చెప్పి సైకిలెక్కాడు.

రేపల్లెలో అత్తయ్య భర్త, మా దేవదానం మావయ్య ఇంటికి ఫోన్ వచ్చి అప్పటికి రెండు నెలలైంది. దరఖాస్తు పెట్టిన ఏళ్లకేళ్లకు వచ్చింది కాబట్టి దానికో ప్రత్యేకమైన బల్ల, కుట్టుపూల గుడ్డ. మామూలుగా మావయ్య మాట్లాడేది అచ్చమైన రేపల్లె తెలుగు. ఫోనెత్తితే మాత్రం ఇంగ్లీషు తప్ప ఇంకో మాట రాదు. ఒకసారి నేను ఇవాళ కూరేంటి మావయ్యా అని అడిగితే, కాసేపు ఆలోచించి "బ్రింజాల్" అన్నారు. నవ్వుకుని వదిలేశాను. ఆ నవ్వుకు తగిన శాస్తి ఆ శుక్రవారం జరిగింది.

బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్‌లో మూడో ప్రయత్నానికి లైను దొరికింది. అవతల ఎవరో బియ్యం బస్తాల గురించి అరుస్తున్నారు, ఆ అరుపుల వెనక ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు మావయ్య గొంతు.

"హలో. ఎస్. స్పీకింగ్."

"మావయ్యా, సరోజని."

"సరోజ? ఎస్. హౌ ఈజ్ సరోజ?"

"నేనే మావయ్యా, సరోజని మాట్లాడుతున్నాను. ఆపరేషన్ రేపే. శనివారం. తెనాలిలో బండి మారి సాయంత్రానికల్లా వచ్చేయండి."

"ఆపరేషన్. తెనాలి. ఓకే. మెసేజ్ రిసీవ్డ్. థాంక్యూ."

"మావయ్యా, ఎవరికో అర్థమైందా? ఒకసారి తెలుగులో చెప్పండి."

కటుక్కుమని పెట్టేశారు. మళ్లీ నంబరు తిప్పితే రికార్డు చేసిన గొంతు ఒకటి వచ్చింది. ముందు ఇంగ్లీషు, తర్వాత హిందీ, ఆ రెంటికీ ఓపిక పట్టినవాళ్లకు ఆఖర్న తెలుగు. ఆ తెలుగు కూడా ఏ ఇంట్లోనూ ఎవరూ మాట్లాడేది కాదు. లైన్లు ఖాళీ లేవని చెప్పడానికి శాసనం చదివినంత పని. మళ్లీ తిప్పాను, మళ్లీ అదే. నా వెనక వరసలో నిలబడ్డ పెద్దాయన ఉండబట్టలేక, "ఆ అమ్మాయి అంత మర్యాదగా చెప్తుంటే మీరు ఇనరేంటమ్మా" అన్నాడు. అప్పటికి నా ఓపిక అయిపోయింది. మా ఆయన పనిచేసే ఆఫీసుకు వెళ్లి విషయం చెప్పి, బడికి సెలవు చీటీ పంపించి, స్టేషనుకు నడిచాను.

బాపట్ల నుంచి తెనాలి దాకా ప్యాసింజరులో గంట పైచిలుకు. టిక్కెట్టు నాలుగైదు రూపాయలకు మించేది కాదు. రేపల్లె బండి తెనాలిలోనే మారాలి. మెయిన్ లైను బండి ఆలస్యమైతే రేపల్లె బండి కాసేపు ఆగేది, ఒక్కోసారి ఆగేది కాదు. ఆ రోజు ఆగింది గానీ కదలడం మర్చిపోయింది. తెనాలి మార్కెట్టులో ఆకుకూరలు అమ్ముకుని ఖాళీ గంపలతో భట్టిప్రోలు వెళ్తున్న ఒకావిడ నా ఎదురుగా కూర్చుంది. నా మొహం చూసి ఏంటమ్మా అంత కంగారని అడిగింది. మా అత్తకు కబురు చెప్పడానికి వెళ్తున్నానన్నాను.

"వాళ్లకి ఫోను లేదామ్మా?"

"ఉంది. పొద్దున చేశాను."

"ఫోను చేశాక మళ్లీ మనిషెందుకు?"

"ఫోను చేశాను కాబట్టే వెళ్తున్నానమ్మా."

ఆవిడ నన్నోసారి పైనుంచి కింది దాకా చూసి, గంప కొంచెం తన వైపు జరుపుకుంది. వేమూరు, భట్టిప్రోలు దాటుకుంటూ, పొలాల మధ్య ఎవరు చెయ్యెత్తినా ఆగేలా ఉన్న ఆ బండి మధ్యాహ్నానికి రేపల్లె చేరింది. స్టేషను నుంచి రిక్షా ఎక్కి మావయ్య ఇంటి ముందు దిగాను. తలుపుకు తాళం.

పక్కింటి కోటేశ్వరమ్మగారు వడియాలు ఎండబెడుతూ నన్ను చూసి చేతిలో గిన్నె కింద పెట్టేశారు.

"అదేంటమ్మా సరోజా, నువ్వు లేచి తిరుగుతున్నావేంటి? నీకు తెనాలిలో ఆపరేషనంటగా."

"నాకా?"

"ఎవరో ఫోన్ చేశారంట. మీ సరోజకి ఆపరేషను, వెంటనే వచ్చేయమన్నారంట. మీ అత్తయ్య ఒకటే ఏడుపు. సగ్గుబియ్యం జావ కాయించి ఫ్లాస్కులో పోయించుకుని ఇద్దరూ పది గంటల బస్సుకి వెళ్లిపోయారు."

గుమ్మం ముందు అరుగు మీద కూలబడ్డాను. అంటే నేను రైల్లో ఇటు వస్తున్న సమయానికి వాళ్లు బస్సులో అటు వెళ్తున్నారు. సరిగ్గా అప్పుడే తాళం వేసిన ఇంట్లో ఫోన్ మోగింది. పొద్దున నేను తిప్పితే దొరకని లైను ఇప్పుడు ఎవరికి దొరికిందో, అది మోగుతూనే ఉంది. నేను, కోటేశ్వరమ్మగారు తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. ఆగింది. మళ్లీ మోగింది. "పాపం ఎవరో" అన్నారావిడ. ఆ నిమిషాన నాకు మాత్రం ఎవరి మీదా జాలి లేదు. కంటి చూపు లేని మనిషిని వెంటబెట్టుకుని తెనాలిలో మావయ్య ఎక్కడ తిరుగుతున్నారో తెలియదు. సాయంత్రానికి వాళ్లను బాపట్ల చేర్చకపోతే అత్తయ్య ఇంకెన్ని నెలలు ఆ చీకట్లో ఉండాలో అదీ తెలియదు.

కోటేశ్వరమ్మగారు పెట్టిన మజ్జిగన్నం నాలుగు ముద్దలు తిని తెనాలి బస్సెక్కాను. బండి కోసం కూర్చుంటే సాయంత్రం అవుతుంది కాబట్టి బస్సే నయం అనుకున్నాను. భట్టిప్రోలు దగ్గర రైలు గేటు వేసి ఉంది. గేటు తీసేదాకా డ్రైవరు ఇంజను ఆపేశాడు గానీ టేపు రికార్డరు మాత్రం ఆపలేదు. గేటు ఎప్పుడు తీస్తారండీ అని కండక్టరునడిగితే, "బండి వెళ్లాక తీస్తారండి" అన్నాడు. ఆ పాటల మోతలో అంతకన్నా పనికొచ్చే సమాధానం ఆశించడం నాదే తప్పు.

తెనాలిలో ఆసుపత్రులకు కొదవ లేదు. మావయ్య కొత్త చోట ఎక్కువ దూరం నడవరు కనుక బస్టాండుకు దగ్గరగా ఉన్నదానికే ముందు వెళ్లాను. చీట్లు రాసే అమ్మాయిని, గొడుగు పట్టుకుని ఒక పెద్దాయన, కళ్లు సరిగ్గా కనిపించని ఒక పెద్దావిడ వచ్చారా అని అడిగాను.

"వచ్చారండి. ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడతారు కదండీ? 'మై నీస్, మై నీస్, ఆపరేషన్' అన్నారు. నీసు తిని కడుపులో ఏదో అయ్యిందేమో అనుకుని కాలవ పక్కన కడుపు డాక్టరుగారి దగ్గరికి పంపించాం."

"నీస్ అంటే మేనకోడలమ్మా."

"ఆ మాటే అంటే సరిపోయేది కదండి" అంది ఆ అమ్మాయి. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి నాకు ఏ కారణమూ దొరకలేదు.

రిక్షాలో కాలవ పక్క ఆసుపత్రికి వెళ్లేసరికి వరండాలో బల్ల మీద అత్తయ్య కూర్చుని ఉంది. ఒళ్లో ఫ్లాస్కు, చేతిలో రుమాలు. మావయ్య కిటికీ దగ్గర నిలబడి లోపలి మనిషితో, "ప్లీజ్ సీ ది అడ్మిషన్ బుక్ వన్స్ మోర్" అంటున్నారు. ఆ గొంతులో దర్పం లేదు. దారి పొడుగునా ఆయన్ను ఏమేం అనాలో కూర్చుకుంటూ వచ్చాను. అత్తయ్యా అని పిలిచాను. అంతే, ఆవిడ లేచి నా గొంతు వచ్చిన వైపు రెండు చేతులూ చాపింది. ఫ్లాస్కు కిందపడి దొర్లింది. నా మొహం తడిమింది, భుజాలు తడిమింది, కట్టు ఎక్కడుందోనని పొట్ట తడిమింది.

"ఎక్కడ కోశారే?"

"నన్నెవరూ కోయలేదత్తయ్యా. రేపు కోసేది నీ కన్ను."

విషయం మొత్తం చెప్పాను. అత్తయ్య మావయ్య నిలబడ్డ వైపు తిరిగి, "ఎవరికి అని ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయింది?" అంది. మావయ్య గొడుగు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. నేను మాత్రం ఊరుకోలేదు. ఇంట్లో తెలుగు, చర్చిలో తెలుగు, నూతి దగ్గర తెలుగు, ఆ ఫోనుకేం కొమ్ములున్నాయని ఇంగ్లీషు అని అడిగాను. వరండాలో ఉన్నవాళ్లు తిరిగి చూస్తున్నా ఆపలేదు.

సాయంత్రం బండికి తెనాలిలో ఎక్కాం. కూర్చోవడానికి చోటు దొరికింది. వాళ్లిద్దరూ పొద్దుణ్నుంచీ ఏమీ తినలేదు కాబట్టి ఆ జావే ముగ్గురం మూతలో పోసుకుని తాగాం. నిడుబ్రోలు దాటాక మావయ్య తనంతట తనే మొదలుపెట్టారు.

"మిల్లులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశాను కదమ్మా. ఫోను షావుకారుగారి గదిలో ఉండేది. అది మోగితే మేం తలుపు బయట నిలబడాల్సిందే. నాకు ఇంగ్లీషు వచ్చినా ఎత్తనిచ్చేవాళ్లు కాదు. నువ్వు మాట్లాడితే మిల్లు పరువు పోతుందయ్యా అన్నారొకసారి. ఇప్పుడు నా ఇంటికి ఫోనొచ్చింది. దాంట్లో మామూలుగా మాట్లాడితే, వాళ్లన్నదే నిజమైపోద్దనిపిస్తుంది."

అత్తయ్య, "ఇప్పుడు మిల్లే మూసేశారు. ఇంకా ఎవరికండీ ఆ పరువు" అని ఆయన చెయ్యి వెతికి పట్టుకుంది.

బాపట్ల స్టేషన్లో మా ఆయన రిక్షా మాట్లాడి సిద్ధంగా ఉన్నాడు. మేం ఈ బండికే వస్తామని ఎలా తెలిసిందని అడిగాను. మధ్యాహ్నం ఆఫీసు నుంచి రేపల్లెకు రెండుసార్లు ఫోన్ చేశాడట. ఎవరూ ఎత్తకపోతే బయల్దేరి ఉంటారని నిశ్చింతగా కూర్చున్నాడట. ఆ రోజు మొత్తంలో ఆ ఫోను సరిగ్గా చేరవేసిన కబురు అదొక్కటే, అదీ ఎవరూ ఎత్తనందువల్ల.

శనివారం పొద్దున అత్తయ్య కుడి కంటికి ఆపరేషన్ అయ్యింది. కట్టు విప్పిన రోజు ఆవిడ ముందు డాక్టరుగారి గోడ మీదున్న అక్షరాల అట్ట చదివింది, తర్వాత మావయ్య చొక్కాకు గుండీ లేదని చెప్పింది. ఎండలు తగ్గాక ఎడమ కన్ను కూడా చేయించాం. స్త్రీల కూడికలో మళ్లీ ఆవిడే చదవడం మొదలుపెట్టింది. మావయ్య ఫోన్లో ఇంగ్లీషు మానలేదు. నేనూ మానమని మళ్లీ చెప్పలేదు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. అవతలి మనిషి ఊపిరి కూడా వినపడుతుంది. అయినా రోజుకు సగం మాటలు అటూ ఇటూ అయ్యి, మళ్లీ సర్దుకోవడానికి ఇంకో నాలుగు ఫోన్లు చేస్తూనే ఉన్నాం. కాబట్టి యంత్రం బాగుపడినంత మాత్రాన మనం బాగుపడ్డామని నేననుకోను. ఆ శుక్రవారం గుర్తొస్తే లైను మీద, రికార్డు గొంతు మీద, రైలు గేటు మీద నాకు ఇప్పటికీ విసుగే వస్తుంది. ఒక్క మావయ్య మీద మాత్రం రాదు. తనకు సరిగ్గా అర్థం కాని ఒక్క మాట పట్టుకుని, నా కోసం, ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య కిటికీ కిటికీకీ వెళ్లి బతిమాలుకున్న మనిషి ఆయన. అంత విసుక్కున్నాను గానీ, నాకేదో అయ్యిందన్న కబురుకి రెండోసారి ఆలోచించకుండా బస్సెక్కే వాళ్లు నా జీవితంలో ఎందరున్నారని ఆ తర్వాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను.

ఇక దారి సంగతి. రేపల్లె నుంచి బాపట్లకు చెరుకుపల్లి మీదుగా బస్సు దగ్గర. మా రోజుల్లో ఆ బస్సులు తక్కువ, ఇప్పుడు బయల్దేరే ముందు వేళలు కనుక్కుంటే చాలు. ఆపరేషన్‌కు తీసుకొచ్చేటప్పుడు ఆ బస్సులోనే రండి. కన్ను చేయించుకుని తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం, దూరమైనా సరే, తెనాలి మీదుగా రైల్లోనే తీసుకెళ్లండి. పెద్దవాళ్లను ఇంజనుకు వీపు పెట్టి, కిటికీకి దూరంగా కూర్చోబెట్టండి. గాలి ఎదురు కొట్టదు, కంట్లో దుమ్ము పడదు.