అడిగి తెచ్చిన కాలితిత్తులు

పోయిన నెల మా రిటైర్డు ఉపాధ్యాయుల బృందం భద్రాచలం దర్శనం చేసుకుని వస్తూ, దారిలో ఒక చిన్న మ్యూజియం దగ్గర వ్యాను ఆపించింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా టీ కొట్టు దగ్గర ఉండిపోయారు. నాకూ మోకాళ్ళ నొప్పులే, అయినా ఒకచోట కూర్చుంటే ఊపిరాడని మనిషిని కనుక లోపలికి వెళ్ళాను. కథలు గీసిన గుడ్డపటాలు, డోళ్ళు, కంచు గజ్జెలు, చెక్క దువ్వెనలు గబగబా చూసుకుంటూ పోయి, చివరి గదిలో ఇనుపరాయి కరిగించే మట్టికొలిమి నమూనా పక్కన, గాజుపెట్టెలో ఉన్న రెండు కాలితిత్తుల ముందు, అంటే కొలిమికి గాలి కొట్టడానికి కాళ్ళతో తొక్కే తోలుసంచుల ముందు, ఆగిపోయాను. వాటి వయసూ వాడకమూ అట్టముక్క మీద చక్కగా రాశారు. వాటిని అక్కడికి చేర్చింది నేనని మాత్రం రాయలేదు. రాయనందుకు సంతోషించాను, ఆ సంతోషానికి వెంటనే సిగ్గుపడ్డాను.

ఎనభైల మొదట్లో నా తొలి ఉద్యోగం బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఒక గూడెంలో. ఒక్క గది, ఒక్క పంతులమ్మ, ఐదు తరగతులు. మాది వైరా పక్క ఊరు. రోజుకు ఒకే బస్సు, అదీ వాగు పొంగితే రాని చోట నేను బతకలేననుకున్నాను. మన తరంవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఉద్యోగంలో చేరిన మర్నాటి నుంచే బదిలీ కోసం ఎవరిని పట్టుకోవాలా అని వెతుక్కునేవాళ్ళం. బడిలో ఎక్కాలు చెప్పిస్తున్నా నా చెవి ఎప్పుడూ బస్సు హారను మీదే ఉండేది.

గూడెం చివర ఒక ముసలి కమ్మరి కొలిమి ఉండేది. పిల్లలతోపాటు నేనూ ఆయన్ను తాతా అనేదాన్ని. వాళ్ళ నాయన కాలం వరకు గుట్ట మీది ఇనుపరాయిని బొగ్గులతో కరిగించి ఇనుము తీసేవారట, తాత కూడా చిన్నతనంలో రెండుమూడుసార్లు ఆ పనికి తిత్తులు తొక్కాడట. తరవాత ఇనుము సంతలోనే దొరకడంతో ఆ పని ఆగిపోయింది గానీ, తిత్తులు ఆగలేదు. తోలు చిరిగినప్పుడల్లా మార్చుకుంటూ వాటితోనే గూడెం నాగళ్ళ కర్రులు కాల్చి సాగగొట్టేవాడు. తొలకరికి ముందు వాళ్ళకు విత్తనాల పండుగ వస్తుంది, ఆ పండుగలోపు ప్రతి ఇంటి కర్రూ ఆ కొలిమిలో కాలాలి. కాలని కర్రుతో ఎవరూ చేలో దిగరు. అందుకు కూలి, పంట వచ్చాక ఇంటికిన్ని గింజలు.

ఆ ఎండాకాలం ఒక ఆఫీసరు జీపులో వచ్చి, ఖమ్మంలో ప్రదర్శన పెడుతున్నామనీ, ఆ తిత్తులు కావాలనీ అడిగాడు. తాత ససేమిరా అన్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగి, మీరు చెబితే వింటాడు, మీ బదిలీ సంగతి నేను పైవాళ్ళతో మాట్లాడతాను అన్నాడు. ఇక నా ఆత్రం చూడాలి. రెండు పూటలు కొలిమి దగ్గర చతికిలబడి, నెలరోజుల్లో వచ్చేస్తాయి తాతా అని బతిమాలాను.

చివరికి తాత ఒకే మాట అడిగాడు. "పండుగకు ముందు నువ్వే తెస్తవా పంతులమ్మా?"

తెస్తానన్నాను. తాత్కాలికంగా తీసుకునే ఫారాలు అయిపోయాయి, దానం ఫారం మీద రాసెయ్యండి, తరవాత చూసుకుందాం అన్నాడు ఆఫీసరు. నా చేత్తోనే నింపాను. తాత వేలు పట్టుకుని సిరాలో అద్దిందీ నేనే. అందులో ఏముందో ఆయన అడగలేదు, నేను చదివి వినిపించలేదు.

ప్రదర్శన అయిపోయింది. నెల గడిచింది. ఖమ్మంలో ఆ ఆఫీసుకు మూడుసార్లు వెళ్ళాను. మ్యూజియం రిజిస్టరులో నంబరు పడింది, దానమిచ్చిన వస్తువు బయటికి పోదు అన్నారు. మబ్బు కనిపిస్తే పండుగకు ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేదాన్ని. ఆ ఏడు వానలు ముందే మొదలయ్యేలా ఉన్నాయి, పండుగ ముంచుకొస్తోంది, కొలిమి చల్లగా ఉంది. సరిగ్గా అప్పుడే నా బదిలీ ఆర్డరు వచ్చింది. తాతకు మొహం చూపించలేక, ఆయన ఇంట్లో లేని పూట చూసి పెట్టె సర్దుకుని బయల్దేరాను.

బూర్గంపాడులో బస్సు కోసం నిలబడితే, రోడ్డు అవతల ఇంకో కమ్మరి కొలిమి ముందు తాత కనిపించాడు. పక్కన గోనెసంచిలో గూడెం కర్రులన్నీ. జన్మంతా కర్రులు కాల్చిన మనిషి పరాయి కొలిమి దగ్గర వరసలో కూర్చుని ఉన్నాడు. తప్పించుకుందామనుకునేలోపే నన్ను చూసి లేచి వచ్చాడు. నేను ఏడుస్తూ ఏదో చెప్పబోయాను.

"వాళ్ళు ఇయ్యరని తెల్సింది లే. తోలు ఎండితె పగుల్తది, నెలకోపారి నూనె రాయమని చెప్పు," అన్నాడు. నా పెట్టె తనే బస్సు మీదికి అందించి, మళ్ళీ వెళ్ళి వరసలో కూర్చున్నాడు.

ఆ నూనె మాట కూడా నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ఆఫీసు మెట్లెక్కాలంటే అసహ్యం వేసింది, నా మీద నాకే. ఆ గూడెం పేరు వినిపిస్తే మాట మార్చేదాన్ని.

ఇప్పుడక్కడ తారురోడ్డు ఉందట, ట్రాక్టర్లు వచ్చాయట, కొలిమి జాగాలో ఎవరో ఇల్లు కట్టుకున్నారట. మొదటిసారి ఈ సంగతి వ్యానులో బయటపెడితే, మ్యూజియానికి ఇచ్చారు కాబట్టే మిగిలాయండీ అని మా లెక్కల మాస్టారు మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదీ అదే. కానీ ఆ ఏడు గూడెంలో ట్రాక్టరు లేదు, తాత కాళ్ళలో బలం ఉంది, తొక్కడానికి తిత్తులే లేవు. ఈరోజు ఆ గాజుపెట్టె తెరిచి తీసుకుపొమ్మన్నా, పండుగకు ముందు తెచ్చావా అని అడిగేవాళ్ళు ఆ గూడెంలో ఎవరూ లేరు.