చివర మిగిలిపోయిన ‘గానీ’

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది, జూలై నెలలో, నన్ను గిద్దలూరు వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. రిటైర్మెంటు దగ్గర పడుతున్న రోజులు. మాది కంభం కాబట్టి రోజూ బస్సులో వెళ్లి రావడం పెద్ద కష్టం కాలేదు. ఆ కాలేజీలో ఇంగ్లీషు శాఖకు అధిపతినీ నేనే, శాఖలో ఉన్న ఏకైక లెక్చరర్నీ నేనే. అటెండరు ‘హెచ్‌వోడీ మేడం’ అని పిలిస్తే మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

చేరిన కొద్ది రోజులకే ప్రిన్సిపాల్ గారు ఒక అదనపు బాధ్యత అప్పగించారు. వాదన, తర్కం, ఒప్పించడం, వీటికి సంబంధించిన ఇంగ్లీషు మాటలు ఆఖరి సంవత్సరం పిల్లలకు నేర్పాలి. నేర్పి, వాళ్లను గ్రూప్ డిస్కషన్‌కు తయారు చేయాలి. కంపెనీలు, కొన్ని పెద్ద కాలేజీలు మనుషుల్ని ఎంచుకునే పద్ధతి ఇది. కొంతమందిని గుండ్రంగా కూర్చోబెట్టి ఒక అంశం ఇస్తారు. మొదటి విడత ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. గంట కొడితే ఆపాలి. ఆ తర్వాత ఎవరు చొరవ తీసుకుంటే వాళ్లు మాట్లాడవచ్చు. నడిపించే ఆయన్ను మోడరేటర్ అంటారు. ఆయన ఏమీ మాట్లాడడు, మార్కులు వేసుకుంటూ ఉంటాడు.

ఈ పాఠంలో ముఖ్యమైన మాటలు గట్టిగా పట్టుమని పది ఉండవు. క్లెయిమ్ అంటే నేను నిలబడే మాట. ఎవిడెన్స్ అంటే దానికి ఆధారం. అజంప్షన్ అంటే ఎవరూ పైకి అనకుండానే అందరూ ఒప్పేసుకున్న సంగతి. రిబట్ అంటే ఎదుటివాడి వాదాన్ని ఆధారం చూపించి తిప్పికొట్టడం, ఊరికే కాదనడం కాదు. కన్సీడ్ అంటే అవతలి మాటలో నిజం ఉన్నంత మేరకు ఒప్పుకోవడం. సంబంధం లేని కారణం చెప్పడం గురించి నేను కష్టపడనక్కర్లేకపోయింది. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ మేత కోసం అన్నాడన్న సామెత వాళ్లకు నాకంటే బాగా తెలుసు.

చిక్కల్లా కన్విన్స్, పర్సుయేడ్ అనే రెండింటితో వచ్చింది. రెంటికీ మనం ఒప్పించడం అనే అంటాం. కానీ తేడా ఉంది. ఒక మాట నిజమని ఎదుటివాడికి అనిపించేలా చేస్తే కన్విన్స్ చేసినట్టు. ఆ మాట విని అతను లేచి ఏదైనా చేస్తే పర్సుయేడ్ చేసినట్టు. సిగరెట్ చెడ్డదని తాగేవాడూ ఒప్పుకుంటాడు, ఒప్పుకుంటూనే ఇంకోటి వెలిగిస్తాడు; అతను కన్విన్స్ అయ్యాడు గానీ పర్సుయేడ్ కాలేదు అని చెప్పాను. అందరూ నవ్వారు. ఎవరి నాయన వాళ్లకు గుర్తొచ్చి ఉంటాడు.

మాటలైతే పట్టుబడ్డాయి. వాదనే పట్టుబడలేదు. మొదటిసారి తరగతిలో డిస్కషన్ పెట్టినప్పుడు, ఊళ్లకు సెల్‌ఫోను మేలు చేసిందా అనే అంశం ఇచ్చాను. ఒకమ్మాయి లేచి మేలు చేసిందని చెప్పింది. కాదనాల్సిన అబ్బాయి లేచి, ఆమె చెప్పింది నిజమే అన్నాడు. ఇంకో రెండు మేళ్లు తనే కలిపాడు. గంట కొట్టాను, కూర్చున్నాడు. తర్వాతి పిల్లా అంతే. అందరూ ఒకర్నొకరు ఒప్పుకోవడమే తప్ప కాదన్నవాడు లేడు. నాకు కోపం ఆగదు. ఇది డిస్కషనా సన్మాన సభా అని అరిచాను. ఆ అబ్బాయి నొచ్చుకున్నట్టు ముఖం పెట్టి, “గానీ అనబోతాన్యాను మేడం, అంతలోనే గంట కొట్టినారు,” అన్నాడు.

తప్పెక్కడుందో అప్పుడు అర్థమైంది. నేనూ ఈ పడమటి సీమలోనే పుట్టాను కాబట్టి అర్థమైంది. మావైపు పెద్దమనుషుల ముందు పంచాయితీలో మాట్లాడే పద్ధతి ఒకటుంది. మాట్లాడేవాడు అవతలివాడు చెప్పినదంతా ముందు ఒక్కొక్కటే ఒప్పుకుంటూ వస్తాడు. నువ్వు చెప్పింది నిజమే మామా, నీ ఎద్దు తప్పిపోయిన మాట నిజమే, నువ్వు వెతికిన మాటా నిజమే, ఇట్లా. అసలు సంగతి చిట్టచివర ‘గానీ’ తర్వాత వస్తుంది. కూర్చున్నవాళ్లంతా ఆ ‘గానీ’ కోసమే కాచుకుని ఉంటారు. ముందే కుండ బద్దలు కొట్టినట్టు చెబితే తలపొగరంటారు. ఆ పద్ధతి నాకు ఇష్టమే. అయితే పంచాయితీలో గంట కొట్టేవాడు ఉండడు.

అందుకని బోర్డు మీద ఒక నియమం రాశాను. మొదటి వాక్యంలో నీ మాట, ఒప్పుకోవడాలన్నీ తర్వాత. పిల్లలకు ఇది మింగుడు పడలేదు. పెద్దల ముందు మొదటే నా మాట పెడితే ఎట్ల మేడం అని అడిగిన పిల్ల దీవెన. బి.ఏ. చదివేది, మూడో వరసలో కూర్చునేది, గొంతు చిన్నది. ఆ గొంతుతోనే ప్రతిదానికీ ఎందుకని అడిగేది.

దీవెనది రోడ్డు నుంచి లోపలికి ఉండే ఒక పాలెం. తల్లీ తండ్రీ కూలి పనికి పోతారు, మిరపకోతల కాలంలో గుంటూరు వైపు వెళ్తారు. తండ్రి దానియేలు వాళ్ల చర్చిలో సంఘ పెద్ద. ఆ పిల్ల బెంగళూరులోని ఒక న్యాయ కళాశాలకు దరఖాస్తు పెట్టి రాతపరీక్ష నెగ్గింది. మూడేళ్ల లా కోర్సు. సీటు వస్తే చదువూ హాస్టలూ వాళ్లే చూసుకుంటారు. మిగిలింది గ్రూప్ డిస్కషన్, ఇంటర్వ్యూ. అవి సరిగ్గా కోతల కాలంలో పడ్డాయి. తండ్రి పంపనన్నాడు. వెళ్లకపోతే ఆ సీటు పోతుంది, ఇంట్లో ఇంకో ఏడాది చదివించే స్థోమత లేదు, పిల్ల తల్లి వెంట కోతలకు పోవాల్సిందే. ఇదంతా దీవెన నాకు ఏడవకుండా చెప్పింది. నేనొచ్చి మాట్లాడతానన్నాను. నేర్పేదే ఒప్పించడం, ఒక తండ్రిని ఒప్పించలేనా అనుకున్నాను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాలేనికి వెళ్లాను. దానియేలు తెల్ల చొక్కా విప్పకుండానే బయటికి వచ్చి కుర్చీ వేయించాడు. మావైపు వరస కలపకుండా మాట మొదలుకాదు. నేను అన్నా అన్నాను, ఆయన అమ్మా అన్నాడు. తరగతిలో చెప్పినట్టే నా క్లెయిమ్ ముందు పెట్టాను, దీవెనను పంపాలి అని. తర్వాత ఆధారాలు వరుసగా చెప్పాను. రాతపరీక్షలో మా కాలేజీ నుంచి నెగ్గింది ఈ పిల్ల ఒక్కతే అన్నాను. నిజమేనమ్మా అన్నాడు. చదువుకు మీ చేతినుంచి పడేది లేదన్నాను. నిజమే అన్నాడు. ఆడపిల్లల హాస్టలు లోపలే ఉంది, భయం లేదన్నాను. దానికీ నిజమే అన్నాడు. నేను గెలిచాననుకుని రైలు టికెట్ల సంగతి ఎత్తబోతుండగా ఆయన ‘గానీ’ వచ్చింది.

“గానీ ఈ చదువు మాకొద్దమ్మా. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. తగాదా పడినోళ్లను తెచ్చి మందిరంలో పక్కపక్కన కూర్చోబెట్టేది నా పని. నా బిడ్డ నిజాన్ని అబద్ధమని వాదించే చదువుకు పోతే, రేపు నా మాట ఎవరింటారు? మీ మాదిరి టీచరు చదువు చదవమనండి, చదివిస్తా.”

ఆయన మొండివాడైతే నాకు తేలికగా ఉండేది. కారణం బరువైనదే. వకీళ్ల గురించి లోకం అనుకునేదే ఆయనా అనుకున్నాడు. కన్విన్స్ అయి పర్సుయేడ్ కాని మనిషి నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఇచ్చిన మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాను. లోపల మాత్రం మండిపోతున్నాను.

అప్పటిదాకా వాకిట్లో నిలబడి ఉన్న దీవెన గోడ దగ్గరికి వచ్చింది. నాయన చెప్పేది నిజమే మేడం అని మొదలుపెట్టింది. నాయన వల్లనే విడిపోయిన ఇళ్లు కలిశాయని, డబ్బు తీసుకుని దొంగ మాట మాట్లాడే వకీళ్లు ఉన్నారని, అట్లాంటి పని ఈ ఇంటికి సరిపడదని, తండ్రి చెప్పినదానికంటే గట్టిగా తండ్రి తరపున చెప్పింది. అన్ని నెలలు నేర్పినదంతా బూడిదలో పోసిన పన్నీరయిందే అనుకుని తల పట్టుకున్నాను. దానియేలు మాత్రం కూతురి ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన ‘గానీ’ కోసం కాచుకుని ఉన్నాడని నాకు తట్టలేదు.

“గానీ నాయనా, శ్మశానం దారి కోసం మండలాఫీసుకు పోయినప్పుడు నేను గూడా వచ్చినాను గదా,” అంది.

ఆ సంగతి నాకు తర్వాత వివరంగా తెలిసింది. పాలెం వాళ్ల శ్మశానానికి ఒక పొలం గట్టు మీదుగా పాత దారి ఉండేది. పొలం చేతులు మారింది. కొన్నాయన కంచె వేశాడు. సంఘ పెద్దలు మండలాఫీసుకు అర్జీ పట్టుకుపోయారు. అది పట్టా భూమి కదా అని అధికారి అడిగాడు. మా పద్ధతి ప్రకారం దానియేలు మీరు చెప్పింది నిజమే సార్ అని మొదలుపెట్టాడు. పట్టా భూమే సార్, ఆయన కొనుక్కున్న మాట నిజమే సార్ అన్నాడు. బయట జనం బారు తీరి ఉన్నారు. మీరే ఒప్పుకుంటున్నారు కదా, ఇంకేముంది అని అధికారి తర్వాతి వాళ్లను పిలిచాడు. అందులో మోసమేమీ లేదు. ఆయన విన్నంత వరకూ వాళ్లు ఒప్పుకున్నారు, అంతే. అప్పటినుంచి ఆ పాలెంలో ఎవరు పోయినా శవపెట్టెను వాగులో దిగి మోయాల్సి వచ్చింది.

దీవెన గొంతు పెరగలేదు. “ఆ పొద్దు నువ్వు అబద్ధం చెప్పల్యా, ఆయన గూడా చెప్పల్యా. మన గానీ నోట్లోనే ఉండిపోయినాది. అవ్వ పెట్టెను వాగు నీళ్లలో మోసుకుపోయినాం. నిజాన్ని అబద్ధం చేసేదానికి కాదు నాయనా నేను పోతాననేది. మన నిజాన్ని ముందు చెప్పేదానికి.”

అవ్వ అంటే దానియేలు తల్లి. ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగి, “బెంగళూరు రైలు మన గిద్దలూరులో ఆగుతాదా అమ్మా?” అని అడిగాడు.

నా ప్రతి మాటకూ నిజమే అన్న మనిషి, కూతురి మాటకు ఆ ఒక్క మాట అనలేదు. రైలు సంగతి అడిగాడు. పర్సుయేడ్ అనే మాటకు అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఆ తర్వాత తరగతిలో సిగరెట్ ఉదాహరణ మానేశాను. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా బస్సులో నా ముఖం మీద నవ్వు ఆగలేదని కూడా చెప్పాలి.

తండ్రే వెంట వెళ్లాడు. రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లను నగరాల్లో ఉండనివ్వాలా అనేది అక్కడిచ్చిన అంశమని దీవెన ఫోనులో చెప్పింది. మిగతావాళ్లంతా పెద్ద ఊళ్ల పిల్లలు, ఒకరి మాట మీద ఒకరు పడుతున్నారట. మొదటి విడతలో ఈ పిల్ల నేను చెప్పినట్టే తన మాట మొదటి వాక్యంలో పెట్టింది. రెండో విడతలో మాత్రం నా నియమం పక్కన పెట్టి, పాలెం పద్ధతికి వచ్చింది. ఎదుటి అబ్బాయి వాదాన్ని తనే ఒకసారి చెప్పి, నువ్వన్నది ఇదే కదా అని అడిగి, అతను తలూపాక, నిజమున్నంత మేరకు ఒప్పుకుని అప్పుడు తిప్పికొట్టింది. మోడరేటర్ తలెత్తి చూశాడట. మొదటి జాబితాలో పేరు రాలేదు. రెండో జాబితాలో వచ్చింది. ఆ మధ్య రోజుల్లో ఆమె మిరపకోతలకు పోయి వచ్చింది.

నేను రిటైరైన ఏడాదే దీవెన చదువు ముగించి వకీలుగా నమోదైంది, మార్కాపురంలో ఒక సీనియర్ దగ్గర జూనియరుగా చేరింది. శ్మశానం దారి కోసం ఈసారి రెవెన్యూ డివిజన్ ఆఫీసులో అర్జీ పెట్టారు. విచారణ రోజున నన్ను రమ్మంది. నాకు ఇంట్లో పనేముంది, పోయి వెనక బెంచీ మీద కూర్చున్నాను. అధికారి మీ సమస్య ఏమిటని అడిగారు. దీవెన మాట్లాడుతుందనుకున్నాను. ఆమె కదలకుండా తండ్రి వైపు చూసింది.

దానియేలు లేచి నిలబడ్డాడు. తువ్వాల భుజం మీంచి చేతిలోకి వచ్చింది.

“మా శ్మశానానికి దారి కావాల సార్,” అన్నాడు.

ఆ తర్వాత, అది పట్టా భూమే, కొన్నాయన తప్పేమీ లేదు, కాదనను అని ఎప్పటిలాగే ఒప్పుకుంటూ వచ్చాడు. ఈలోగా అధికారి మొదటి వాక్యం రాసుకోవడం నేను చూశాను. పాత దారి అక్కడే ఉండేదనే ఆధారాలు దీవెన తర్వాత చూపించింది. సర్వే చేయమని ఉత్తర్వు ఇచ్చారు.

ఒప్పుకోవడం మావైపు వాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు, అది మానమని నేర్పడం కూడా అవివేకమే. వినేవాడికి తీరిక ఉంటే ‘గానీ’ చివర వచ్చినా ఫరవాలేదు. తీరిక లేనిచోట అడగాల్సింది మొదటే అడిగెయ్యాలి. ఇంగ్లీషు మాటలు నేర్పబోయి నేను తెలుసుకున్నది ఇంతే.

సర్వే రాళ్లు పాతారు, కంచె జరిపారు. మొన్న వానల్లో ఆ పాలెంలో ఒక ముసలాయన పోతే పెట్టెను గట్టు మీదుగా తీసుకుపోయినారని దానియేలు ఫోను చేసి చెప్పాడు. వాగు నిండుగా పారుతూ ఉందట.