కాగితంలో లేని ఒక్కపొద్దు

మొన్న మావారి కళ్ల పరీక్షకని, మేముండే ఈ గల్ఫ్ నగరంలోనే బౌషర్‌లో ఒక ఆసుపత్రికి వెళ్లినప్పుడు, గోడకున్న అరలో అరబ్బీ, హిందీ, మలయాళం కరపత్రాల మధ్య షుగరు జబ్బు గురించిన తెలుగు కాగితం ఒకటి కనిపించింది. చేతిలోకైతే తీసుకున్నాను గాని, చదవలేకపోయాను. పదిహేనేళ్ల కిందటి ఒక శనివారం ఉదయం వచ్చి కళ్ల ముందు నిలబడింది.

అప్పుడు మేం ఇదే ఊళ్లో వాడి కబీర్ అనే పేటలో ఉండేవాళ్లం. పెళ్లికి ముందు కాకినాడలో తెలుగు టీచరుగా చేశానని తెలిసి, అజైబాలో చిన్న క్లినిక్ నడిపే మలయాళీ డాక్టరమ్మ ఒకావిడ, సైట్లలో పనిచేసే మనవాళ్లకు పంచబోయే కరపత్రాల భాష చూసిపెట్టమంది. ఇన్నేళ్లకు నా చదువుకు ఒక పని దొరికిందని ఎంత పొంగిపోయానో! ఎవరో రాసిచ్చిన మామూలు తెలుగును తీసుకుని, షుగరు అన్నచోటల్లా మధుమేహమనీ, తినొద్దు అన్నచోట వర్జించవలెననీ దిద్దుకుంటూ పోయాను. రంజాన్ ఉపవాసాల్లో మందులు ఎలా వేసుకోవాలో చెప్పే పేజీ ఒకటి ఉంటే, ఈ క్లినిక్‌కు వచ్చే తెలుగువాళ్లు దాదాపు అందరూ హిందువులే కదా, వాళ్లకిది దేనికని మొత్తం కొట్టేశాను. మనవాళ్లకు తగ్గట్టుగా మార్చానని డాక్టరమ్మ మెచ్చుకుంది కూడా.

పంచేముందు ఒకరిద్దరిచేత చదివించి చూద్దామన్నదీ ఆవిడే. ఆ శనివారం కంపెనీ బండిలో వచ్చినవాళ్లలో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన, యాభై ఏళ్ల మనిషి, నా ఎదుట కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పేజీ బాగానే సాగింది. రెండో పేజీకి వచ్చేసరికి మాట ముద్దగా వస్తోంది. నా పెద్ద పెద్ద మాటలకు నోరు తిరగడం లేదేమో, చూస్తే సిగ్గుపడతాడేమోనని నేను నా ప్రతిలోకే చూస్తూ కూర్చున్నాను. తలెత్తేసరికి, అంత చల్లటి ఏసీ గదిలో ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. చేతిలో కాగితం గజగజ వణుకుతోంది.

నేను వేసిన కేకకు డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఆయన వేలికి సూది గుచ్చి రక్తం చూసి, "షుగర్ బహుత్ డౌన్ హై, జల్దీ పిలావో" అంది. పంచదార నీళ్లు కలిపి నోటి దగ్గర పెట్టాను. ఆయన నా చేతిని తోసేశాడు. సగం నీళ్లు నా చీర మీద ఒలికాయి.

"వద్దు మేడం. నాకు షుగరున్నది. తీపి ముట్టద్దని ఈ కాయితంలనే ఉన్నది గదా."

"పొద్దున గోలీ వేసుకున్నారా?"

"ఏస్కున్న."

"ఏమైనా తిన్నారా?"

"ఇయ్యాల శనివారం. ఒక్కపొద్దు."

షుగరు పడిపోతే వెంటనే తీపి తాగాలన్న మాట ఆ కాగితంలో లేకపోలేదు. 'రక్తశర్కర క్షీణించినచో' అంటూ నేను దిద్దిన వాక్యంలో అది ఎవరికీ అందకుండా పడి ఉంది. ఉపవాసం మాట మాత్రం అసలే లేదు. ఆ రంజాన్ పేజీతో పాటు నేనే తీసేశాను. ఆయన పళ్లు బిగించి కూర్చున్నాడు, కనురెప్పలు వాలిపోతున్నాయి. స్పృహ తప్పితే ఇక నోట్లో ఏమీ పోయకూడదని వెనకనుంచి డాక్టరమ్మ తొందరపెడుతోంది. ఆయన చేతిలోంచి కాగితం లాగి పక్కన పారేసి, ఆయన గడ్డం పట్టుకున్నాను.

"అన్నా, అది రాసింది నేనే. తప్పు రాశాను. ముందు ఇవి తాగండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. ఒక్కొక్క గుక్క లోపలికి దిగుతుంటే నేను ఆ గొంతుకేసే చూస్తూ నిలబడ్డాను. పావుగంటకు మళ్లీ వేలు గుచ్చి చూసి డాక్టరమ్మ పర్వాలేదన్నాకగాని నేను గ్లాసు కింద పెట్టలేదు.

తేరుకోగానే ఆయన అడిగిన మొదటి మాట, ఒక్కపొద్దు చెడినట్టేనా అని. ప్రాణం కన్నా దేవుడికి ఒక్కపొద్దు ఎక్కువ కాదులే అన్నాను. నవ్వి, రెండు బిస్కెట్లు తిన్నాడు. పంచడానికి కట్టలు కట్టి ఉంచిన కాగితాలన్నిటినీ ఆ పూటే పక్కన పెట్టించాం. తర్వాత నాలుగు వారాలు ఆయన వచ్చి నా ఎదుట కూర్చుని, "గిట్ల రాస్తె మా రూములోళ్లకు సమజ్ కాదు మేడం" అంటూ ఒక్కో మాటా మార్పించాడు. ఒక్కపొద్దు నాడు గోలీ సంగతి డాక్టర్ను అడగాలన్న మాట అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో వేయించాడు.

ఆ క్లినిక్ ఇప్పుడు లేదు. ఆయన కాంట్రాక్టు అయిపోయి ఊరికి వెళ్లిపోయాడు, ఎలా ఉన్నాడో తెలియదు. ఈరోజుల్లో కరపత్రాలు ఎన్ని భాషల్లో కావాలంటే అన్ని భాషల్లో క్షణాల్లో తయారవుతున్నాయి, అక్షర దోషం కూడా కనిపించడం లేదు. అర్థమైందా అంటే అయిందనే అంటారు ఎవరైనా, అడిగేవాళ్ల ముందు మొహమాటపడి. అర్థం కాలేదని నోరు విప్పి చెప్పేదాకా ఎదురుగా కూర్చుని వినడానికి మాత్రం, ఇప్పుడెవరికీ ఒక పూట తీరిక ఉన్నట్టు లేదు.