కురుమూర్తి సార్ తెచ్చిన పది అడ్మిషన్లు

మా బడిలో ఉద్యోగానికి చేరినవాడు మొదటి రోజు చేసే పని పాఠం చెప్పడం కాదు. టెన్త్ మెమో నుంచి బీఎడ్ దాకా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తెచ్చి కరస్పాండెంట్ గదిలోని బీరువాలో పెట్టడం. మధ్యలో మానేసి పోకుండా అదొక కళ్లెం. ఏ చట్టంలో ఉందని మాత్రం అడగకండి, నాకు ఒళ్లు మండుతుంది.

నా పేరు సుధాకర్. అయిజలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ చెప్తాను. నోరు పెద్దదని పేరుంది. ఇంగ్లిష్ చెప్పే కురుమూర్తి సార్ నాకు పూర్తిగా ఉల్టా. గద్వాలలో చీరలు నేసే ఇంట్లో పుట్టాడు. తండ్రి మగ్గం మీదుంటే పక్కన నూలు కండెలు చుడుతూ చదువుకున్నాడు. పంతొమ్మిదేళ్లుగా మా బడిలోనే ఉన్నాడు. రోజూ పొద్దున ఎవరో ఒక పిల్లను లేపి, ఇంట్లో ఏం జరిగిందో ఇంగ్లిష్‌లో చెప్పమంటాడు. ఒకసారి ఒక పిల్ల "మా బర్రె ఈనింది సార్, ఎట్ల చెప్పాలె?" అంది. "నాకు తెల్వదు బిడ్డా, రేపు చెప్త" అన్నాడు. మర్నాడు చెప్పాడు. తెలియదని పిల్లల ముందు ఒప్పుకున్న టీచర్ని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

మొన్న ఏప్రిల్లో ఆయనకు ప్రభుత్వ గురుకులంలో ఇంగ్లిష్ టీచర్ పోస్టుకు పిలుపొచ్చింది. రాత పరీక్ష నెగ్గాడు. గురువారం పాలమూరులో సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ చూపిస్తే ఉద్యోగం, లేదంటే అది జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇంకో పరీక్ష లేదు. డూప్లికేట్లు తెప్పించుకోవాలంటే నెలలు పడుతుంది.

అంతకు ముందు శుక్రవారం ఇద్దరం కరస్పాండెంట్ సుదర్శన్ గారి గదికి వెళ్లాం. తోడు రమ్మని సారే అడిగాడు. అప్పటికి నేను స్టాఫ్‌రూంలో "ఎట్లియ్యడో జూస్త, కాలర్ వట్టుకుంట" అని ఎగిరెగిరి పడుతున్నాను. తీరా లోపలికి పోతే సుదర్శన్ గారు ఇద్దరికీ చాయ్ తెప్పించాడు.

"సంతోషం సార్. పోండ్రి, వద్దంటలేను. కని ఇది అడ్మిషన్ల టైం గద. జర మా బడికి గూడ చేసి పోండ్రి. పది అడ్మిషన్లు తేండ్రి, బుధవారం పొద్దుగాల మీ సర్టిఫికెట్లు మీ చేతుల వెడ్త. సుధాకర్ సారే సాక్షి."

అలా నేను సాక్షినయ్యాను.

ప్రతి వేసవిలో మేం కరపత్రాలు పట్టుకుని ఊళ్లు తిరగాల్సిందే. ఆ నాలుగు రోజులు నా బండి మీద మల్దకల్ వైపు, మానవపాడు వైపు ఊళ్లన్నీ తిరిగాం. నెత్తిన తువాల, నోట్లో తడి లేదు. ఏ గడప తొక్కినా ఒకటే ప్రశ్న.

"ఇంగ్లిష్ మీరే చెప్తరా సార్?"

జూన్‌కల్లా తానుండడని తెలిసి, మొదటి ఇంట్లో కురుమూర్తి సార్ చెప్తానని అనలేకపోయాడు. నేను పక్కకు లాక్కుపోయి తిట్టాను. "చెప్తనను సార్! నీ బతుకు గావాల్నా, నీ సత్యం గావాల్నా?" ఆయన తిరిగి లోపలికి పోయి తలొంచుకుని "చెప్త" అన్నాడు. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ అన్నాడు.

పదో ఇల్లు జమ్ములమ్మది. కౌలు చేనులో మిరప వేస్తుంది. కూతురు పూజను ఎనిమిదిలో చేర్పించాలి. "మీరు చెప్తేనే పంపుత సార్. లేకుంటే ఊళ్లె బడే నయం" అని ముఖాన్నే అంది. సార్ ఆ పిల్లకేసి చూసి, "చెప్తనమ్మా" అన్నాడు. బండెక్కాక నా వీపు వెనక నుంచి, "సుధాకర్, గీ పాపం నన్ను ఊకె ఇడ్వదు" అన్నాడు. ముందు నౌకరి రానియ్యమని నేనే కసిరాను.

ఫారాలు నింపింది కూడా నేనే. ఈ బడిని ఎందుకు ఎంచుకున్నారన్న గడిలో పదింటికి పది, గుండ్రటి అక్షరాలతో, కురుమూర్తి సార్ ఇంగ్లిష్ కోసం అని రాశాను. మా సార్ విలువ ఆ కరస్పాండెంట్‌కు తెలియాలని నా పొగరు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

బుధవారం పొద్దున సుదర్శన్ గారు ఆ ఫారాలు ఒక్కొక్కటీ చదివాడు.

"పది మందీ మిమ్ములను జూసే వస్తుండ్రు సార్. మీరు వోతే ఒక్కరన్న ఉంటరా? బడి సురువు కానియ్యండ్రి, జూన్ల జూద్దం."

"రేపే సార్ వెరిఫికేషన్! పది తెస్తే ఇస్తనంటిరి గద!" అన్నాడు కురుమూర్తి సార్.

"జూస్తనన్న. ఇస్తనని ఎప్పుడన్న?"

ఏరు దాటాక బోడి మల్లయ్య! నా రక్తం మరిగింది. అప్పుడే కురుమూర్తి సార్ నా వైపు తిరిగాడు. కళ్లనిండా ఆశ.

"సుధాకర్, నువ్వుంటివి గద. చెప్పు."

సుదర్శన్ గారు బీరువా తాళంచెవి చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు. అందులోనే నావీ ఉన్నాయి, రెండో అరలో. ఆ వచ్చే నెల నేనూ ఒక గవర్నమెంటు ఉద్యోగం పరీక్ష రాయాలి.

"నాకు సరిగ్గ యాదికి లేదు సార్" అన్నాను.

కురుమూర్తి సార్ వంగి సుదర్శన్ గారి కాళ్లు పట్టుకున్నాడు. పంతొమ్మిదేళ్లు చెప్పిన మనిషి, చాక్‌పీసు పట్టిన వేళ్లతో. సుదర్శన్ గారు కాళ్లు వెనక్కి తీసుకుని, "గిట్ల జేస్తరా సార్, లేవండ్రి" అన్నాడు. బీరువా మాత్రం తెరవలేదు.

గురువారం జిరాక్సులు పట్టుకుని ఒక్కడే పాలమూరు పోయాడు. సాయంత్రం ఐదు దాకా గుమ్మంలో నిలబెట్టి, తర్వాతి పేరు పిలిచారు.

శనివారం బడికొచ్చాడు. స్టాఫ్‌రూంలో ఇద్దరమే ఉన్నాం. నేను తలెత్తలేకపోయాను, ఏడుపొచ్చేసింది. ఆయనే లేచొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

"ఊకో సుధాకర్. నీ పిల్లలు చిన్నోళ్లు. నీ జాగల నేనున్నా గట్లనే అంటుంటి" అన్నాడు.

అబద్ధం. చచ్చినా అనేవాడు కాదు. పది గడపల్లో నేను తిట్టి అబద్ధం ఆడించాను. ఇది మాత్రం ఎవరూ అడక్కుండానే, నా కోసం ఆడాడు.